ఎనిమిది అడుగుల అవతల గూడు

తమ్ముడు గెర్లోఫ్‌కు విట్స్కె అక్క దీవించి రాయునది. ఇక్కడ నేనూ నా మోకాళ్ళ నొప్పులూ క్షేమం. మీ ఇద్దరూ కులాసా అనుకుంటాను.

నీ మొదటి ప్రశ్నకు జవాబు: ఈ ఏడు మన పొరుగు రైతు హీల్కె పచ్చికలో పది తీతువు గూళ్ళు. పుల్లలు పాతేది ఇప్పటికీ నేనే. గూటికి అటొకటి ఇటొకటి వెదురు పుల్ల పాతితే, ఆ మధ్య గడ్డి వదిలేసి మిగతాది కోస్తాడు. "అక్కా, నువ్వు పాతాక నేను కళ్ళు మూసుకుని మిషను తోలెయ్యొచ్చు" అంటాడు. వెటకారమే అయినా నమ్మకం కూడా ఉంది.

రెండో ప్రశ్న సంగతి తర్వాత రాస్తాను.

మంగళవారం కట్ట పక్క మడి కోసి నన్ను పిలిచాడు. పుల్లల మధ్య గడ్డి నిలబడే ఉంది, గూడుండాల్సిన నేల గుంట మాత్రం ఖాళీ.

"కాకి పనే అక్కా. దాని దుంప తెగ" అన్నాడు.

"అవును, కాకే" అన్నాను.

కాకి కాదురా. మగపిట్ట రొమ్ముతో నేల అదిమి నాలుగైదు గుంటలు చేస్తుంది, ఆడది ఒకదాన్నే మెచ్చి గుడ్లు పెడుతుంది. చిన్నప్పుడు నీకు నేర్పింది నేనే. అలాంటి నేను ఉత్త గుంటకి పుల్లలు పాతాను. అసలు గూడు ఎనిమిది అడుగుల అవతల, కోసేసిన చోట ఉంది. హీల్కె చూడకుండా పగిలిన గుడ్ల పెంకులేరి కోటు జేబులో వేసుకున్నాను. తల్లిపిట్ట నా నెత్తి మీదే తిరుగుతూ అరిచింది. గూళ్ళ లెక్క రాసుకునే పుస్తకంలో నా చేతిరాతే ఉంది: "నాలుగు గుడ్లు, చూశాను." చూసినట్టు గానీ, పాతినట్టు గానీ నాకు గుర్తు లేదు. ఎంత తల బద్దలు కొట్టుకున్నా జ్ఞాపకం రావడం లేదు.

భయంగా ఉంది గెర్లోఫ్. ఫోన్లో అయితే సగంలో పెట్టేస్తానని రాస్తున్నాను. అమ్మ కూడా మతిమరుపు మొదలైన కొత్తలో ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి వంటయిందంది. మనం నవ్వాం.

ఇక నీ రెండో ప్రశ్న: పుట్టినరోజు కార్డు రెండుసార్లు ఎందుకు పంపావని అడిగావు. పరధ్యానమని రాద్దామనుకున్నాను. రెండోది పంపినట్టే నాకు తెలియదు.

మిగతా తొమ్మిది గూళ్ళున్న చోట శనివారం కోత. శుక్రవారం రా. నేను కట్ట మీద కూర్చుంటాను. పిట్ట ఎక్కడ లేచి ఎక్కడ వాలుతుందో చూసి గూళ్ళు నువ్వే పట్టు. అవి నా పుల్లలున్న చోట్లతో సరిపోలకపోతే హీల్కెకు నిజం నేనే చెప్పి, పుల్లల కట్ట నీ చేతికిస్తాను.

ఇదే ఉత్తరం నీకు మరొకటి వస్తే, అమ్మ మళ్ళీ మళ్ళీ రాసినవి నాన్న దాచినట్టు దాచకు. రెండూ పట్టుకుని రా.

ఇట్లు,
నీ అక్క
విట్స్కె