ర్యాంపు నిధి

ప్రియమైన అన్నయ్యకు,

గ్రంథాలయం లెక్కలు రాయడానికి నువ్వు పంపిన రసీదుల కట్ట అందింది. కుశల ప్రశ్నలు తర్వాత. మన గ్రంథాలయానికి పోయిన ఏడాది ఎవరో పేరు చెప్పకుండా రెండు లక్షలు పంపారు కదా, "మెట్ల పక్కన చక్రాల కుర్చీకి ర్యాంపు కట్టడానికి మాత్రమే" అని రాసి. ఇప్పుడు ఆ డబ్బూ లేదు, ర్యాంపూ లేదు. కప్పు మరమ్మతు బిల్లు మాత్రం సరిగ్గా రెండు లక్షలకుంది. నేనేమైనా వెర్రిదానిలా కనిపిస్తున్నానా? ఆడిటరు వచ్చేలోగా జవాబు రాయి.

విసిగిపోయిన నీ చెల్లి

మా లెక్కల పంతులమ్మకు,

కోప్పడకు తల్లీ. వానకు కప్పు కారి పిల్లల పుస్తకాల బీరువా మొత్తం తడిసి ముద్దయింది. నేను బకెట్లు పట్టుకుని పరుగులు పెడుతుంటే ఆ డబ్బు బ్యాంకులో ఊరికే కూర్చుంది. వాడాను. ఒక్క పైసా నా జేబులోకి పోలేదు. కప్పూ, ర్యాంపూ కలిపి "భవన ఖర్చులు" అని ఒక్క వరసలో రాసేస్తే నీ సొమ్మేం పోయింది? ఇది బయటపడితే మనకు ఏటా వచ్చే గ్రాంటు ఆగిపోతుంది. గ్రంథాలయం మూసుకోవాలి.

నీ అన్నయ్య

అన్నయ్యా,

ఒక పని చెప్పి ఇచ్చిన డబ్బు, ఆ పని అయ్యేదాకా మనది కాదు. మన దగ్గరున్న వాళ్ళ డబ్బు. తొమ్మిదేళ్ళుగా ఇదే పాట పాడి నా గొంతు పోయింది. దాతను అడుగు. ఒప్పుకుంటే ఆ ఉత్తరం ఆడిటరుకిచ్చే నివేదికకు జతచేస్తాను. లేదంటే ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

చెల్లి

చెల్లెమ్మకు,

పేరే చెప్పని మనిషిని ఎక్కడని వెతకను? ఇన్నేళ్ళలో చక్రాల కుర్చీలో గ్రంథాలయం గుమ్మం దాకా వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎవరి కోసమమ్మా ఆ ర్యాంపు? ఆ ఒక్క వరస రాసిపెట్టు, నీకు పుణ్యముంటుంది.

అన్నయ్య

ప్రియమైన అన్నయ్యకు,

వెతకక్కర్లేదు. ఆ డబ్బు నేనిచ్చాను. పేరు చెబితే "ఇంట్లో డబ్బే కదా" అని వాడేస్తావని చెప్పలేదు. చెప్పకపోయినా వాడేశావు!

ఎవరూ రాలేదన్నావు. ఎనిమిది మెట్లెక్కి ఎలా వస్తాం? నాకు ప్రమాదం జరిగి మూడేళ్ళయింది. అప్పటినుంచీ నువ్వే మా ఇంటికొచ్చి, ఈ కుర్చీ పక్కనే కూర్చుని కబుర్లు చెప్పి వెళ్తున్నావు. నన్ను బాధపెట్టాలని ఆ మాట రాయలేదని తెలుసు. నేను నీకు గుర్తుకు రాలేదంతే. అదే ఎక్కువ బాధగా ఉంది. ఎత్తుకుని తీసుకెళ్తానంటావు. నేను మూటను కాను.

దాత ఒప్పుకోవడం లేదు. నివేదికలో "ర్యాంపు నిధి వేరే పనికి వాడారు, తిరిగి జమ చేయాలి" అని రాశాను. గ్రాంటు ఇచ్చేవాళ్ళకు నువ్వే వివరం చెప్పుకో, కావాలంటే ఆ ఉత్తరం రాయడానికి సాయం చేస్తాను. నివేదిక మీద సంతకం పెట్టి పంపు. చందాలు అడుగుతావో, నీ స్కూటరు అమ్ముతావో నీ ఇష్టం. ర్యాంపు కట్టాక కబురు పెట్టు. నన్ను తీసుకెళ్ళడానికి మాత్రం ఎవరినీ పంపకు.

నీ చెల్లి