రెండు సీట్ల కారు

జూన్ 2, సోమవారం
తమ్ముడు పాత కారు అమ్మేశాడు. కొత్తవి రెండు నచ్చాయట. ఒకటి ఏడు సీట్ల ఎస్‌యూవీ, రెండోది స్పోర్ట్స్ కారు. మా ఇంట్లో పెద్ద పని ఏదైనా ఒక వారం నా ప్రార్థనలో ఉండాలి. ఆ వారం దాని ఊసు ఎవరూ ఎత్తకూడదు. అమ్మ పోయి వాడు నా చేతికొచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి. నలభై దాటినా వాడు మానలేదు. ముందు చూసొద్దాం, తర్వాత నువ్వేది చెబితే అదే అక్కా అన్నాడు.

జూన్ 3
షోరూం. ఎస్‌యూవీ ఎక్కడానికి మెట్టుంది. లోపల హాలంత చోటు. డిక్కీలో మా పరుపు మడతపెట్టకుండా పడుతుంది.
స్పోర్ట్స్ కారులో కూర్చోలేదు, పడ్డాను. మూడున్నర సెకన్లలో వంద స్పీడట. అంత తొందరగా ఎక్కడికిరా అన్నాను. అది తెలియకే కొంటారక్కా అన్నాడు. దిగేటప్పుడు లేవలేకపోయాను. సేల్స్ అమ్మాయి ఒక చెయ్యి, తమ్ముడు ఒక చెయ్యి పట్టుకుని లాగారు. మా అక్క కోసం జాకీ ఒకటి ఫ్రీగా ఇవ్వండి అన్నాడు వాడు. చాలా రోజులకి గట్టిగా నవ్వాను.

జూన్ 4, సాయంత్రం
ప్రార్థన మొదలుపెట్టాను. ఎస్‌యూవీయే మంచిదనిపిస్తోంది. చెల్లెళ్ళకి ఫోన్ చేశాను. కారు ఊసెత్తకుండా, అందరం ఎటైనా వెళ్దామా అన్నాను. పెద్ద చెల్లి పిల్లల పరీక్షలంది. చిన్నది, ఏమిటక్కా, ఒంట్లో బాగా లేదా అని కంగారుపడింది.

జూన్ 5
ఏడు సీట్లు. ఉన్నది ఇద్దరం.

జూన్ 7, ఉదయం
రెండు సీట్లంటే వాడూ నేనూ. సరిగ్గా సరిపోతాం. ఈ వయసులో స్పోర్ట్స్ కారేమిటని సిగ్గేసింది. అయినా చిన్న పీట వేసుకుని, చెయ్యి ఆనించకుండా లేవడం ప్రాక్టీసు చేశాను. చాలాసార్లు పడ్డాక వచ్చింది.

జూన్ 9
సేల్స్ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. సార్ ఫోన్ ఎత్తడం లేదట. స్పోర్ట్స్ కారయితే ఎరుపే కదండీ, సార్‌తో వచ్చే మేడంకి అదే నచ్చింది అంది. నేను చూసింది నీలం. ఏ మేడం అమ్మా అన్నాను. సార్ ఆఫీసులోనే చేస్తారటండీ, సీటు కూడా ఆవిడకి సరిపోయేలా జరిపించుకున్నారు సార్ అంది.
వాడి మీద కోపం రాలేదు. వారం నోరెత్తకూడదన్నది నేనే. వాడు నా ముందు పెట్టింది కారు కాదు. నేను ఎస్‌యూవీ అంటే, ఇల్లు ఇలాగే ఉండాలని అక్కకి ఉందనుకుంటాడు. ఆవిడకి ఇక కుదరదని చెప్పేస్తాడు. నా మాట దాటడు. అదే భయం.

జూన్ 10
ప్రార్థనలో ఒక్క మాట రాలేదు. మోకాళ్ళ మీద ఉన్నాను, అంతే.

జూన్ 11, ఉదయం ఏడు
కాఫీ ఇచ్చి చెప్పాను. రెండు సీట్లది తీసుకో, ఎరుపు. కప్పు వాడి నోటి దగ్గర ఆగిపోయింది. మరి నువ్వెక్కడ కూర్చుంటావక్కా అన్నాడు. నన్ను లేపడానికి ఇద్దరు కావాలి, నీకంత తీరికెక్కడిదిరా అన్నాను. ఆవిడని ఆదివారం భోజనానికి తీసుకురా అన్నాను. ఏడ్చాడు. ముక్కు చీదుకోవడం మాత్రం ఆరేళ్ళప్పటి లాగే ఉంది.

జూన్ 29, ఆదివారం
ప్రార్థనకి బస్సులో వెళ్ళాను. ఇద్దరి సీటు. కిటికీ వైపు జరిగి కూర్చున్నాను. పక్కన బ్యాగు పెట్టలేదు, ఆఖరి స్టాపు దాకా.