పురుగు తిన్న మోదుగాకు

మల్లేశూ, బిడ్డా,

సంతోషం పట్టలేక రాస్తున్నాను. నువ్వు జ్వరంతో పోయి నేటికి ఏడాది. ఇది నీకు అందదని తెలుసు. అయినా ఈ కబురు నీకు కాక ఎవరికి చెప్పుకోను?

ఇక్కడ ఒమాన్‌లోని సోహార్‌లో మన కంపెనీ కడుతున్న హాలుకు, విక్టోరియా రాణి కాలం నాటి టౌన్‌హాలు ఫోటో చూపించి, స్తంభాల తలల మీద అలాంటి ఆకులే కావాలన్నారు కదా. నువ్వేమో చెక్క మీద మన మోదుగాకు చెక్కావు, పురుగు తిన్న చిల్లితో సహా. "గసుంటి ఆకు ఎవడన్న చెక్కుతడార?" అని తిట్టాను. "అడవిల పురుగు తినని ఆకు సూశినవా బాపూ?" అని నవ్వావు.

మొన్న నీ చెక్క ఆకుతో అచ్చు తీసేముందు ఆ చిల్లిని లప్పంతో పూడ్చబోయాను. చెయ్యి రాలేదు. అలాగే జిప్సం పోసి పన్నెండు స్తంభాలకూ ఎక్కించాను. ఫోర్‌మన్ చూసి "ఖరాబ్ మాల్ హై చాచా, సబ్ నికాలో!" అని అరిచాడు. అన్నీ పీకెయ్యాలట.

ఇవాళ పెద్ద ఇంజినీరు నిచ్చెనెక్కి ఆ చిల్లిలో వేలు పెట్టి చూశాడు. ఆ పాత బిల్డింగుల పనివాళ్లు కూడా నిజం కొమ్మను ముందు పెట్టుకుని ఇలాగే చెక్కేవాళ్లట! ఒక్కటి కూడా తీయొద్దన్నాడు. ఎగిరి గంతేసినంత పని చేశాను బిడ్డా!

"కిస్‌నే బనాయా, చాచా?"

"మేరా బేటా, సాబ్! మేరా బేటా!"

"కల్ లేకే ఆవో."

"జరూర్ సాబ్" అని, రేపు నిన్ను వెంట తీసుకుపోవాలని, పిలవడానికి రూమ్ దాకా ఉరికొచ్చాను. నీ మంచం మీదికి కొత్తగా వచ్చిన ఆర్మూరాయన లేచి, "ఏమైందే పెద్దాయినా, ఎవల కోసం?" అని అడిగాడు.

నీ బాపు