పుట్టీలో అద్దిన మెట్టెలు

జూన్ 8, ఆదివారం

పుస్తకం మొదలుపెట్టాను. రాసేది కాదు, అతికించేది. మోక్షు కోసం.

మోక్షు నా చెల్లెలు శోభ కూతురు. నాలుగేళ్లు ఇంకా నిండలేదు. పోయిన అక్టోబర్‌లో శోభ డెంగీతో పోయింది. వాళ్లది బడంగ్‌పేట్. శోభ మొగుడు మల్లేశ్వర్‌కు డ్యూటీలతో పిల్లను చూసుకోవడం కుదరక, అప్పటి నుంచి శంషాబాద్ పక్కన సాతంరాయిలో మా ఇంట్లోనే ఉంటోంది. నాకు పిల్లల్లేరు. ఈ మాట రాయకపోయినా పర్లేదు గాని రాశాను.

నిన్న గోడ మీది శోభ ఫొటో చూపించి ఎవరే ఈమె అని అడిగాను. కాసేపు చూసి, దండ అంది. ఫొటోకు వేసిన దండను చెప్పింది. వెనకున్న మనిషి దానికి కనిపించనే లేదు.

పొద్దంతా యూట్యూబ్‌లో గుడ్డలు, పూసలు అతికించి చేసే మిక్స్‌డ్ మీడియా పేజీలు చూశాను. వీడియోలో ఆవిడ గెస్సో అంటుంది, టెక్స్చర్ పేస్ట్ అంటుంది. శంషాబాద్‌లో అవన్నీ ఎవరిస్తారమ్మా నాకు. హార్డ్‌వేర్ షాపుకు పోయి వాల్ ప్రైమర్, పుట్టీ, పెద్ద ఫెవికాల్ డబ్బా తెచ్చాను. గోడకు పట్టేది అట్టకు పట్టదా. ఇక గుడ్డ ముక్కలకు, లేసులకు, పూసలకు కరువేముంది, నేను చేసేదే జాకెట్లు కుట్టే పని.

జూన్ 15, ఆదివారం

మొదటి పేజీ అయింది. ప్రైమర్ ఆరాక శోభ ఆకుపచ్చ జాకెట్ చెయ్యి కత్తిరించి అతికించాను. దాని పక్కన ఎయిర్‌పోర్ట్‌లో ఇడ్లీ కౌంటర్ దగ్గర పనిచేసేటప్పుడు మెడలో వేసుకున్న ఐడీ కార్డు తాడు. కింద బోర్డింగ్ పాస్ ముక్కలు. అవి మా ఆయన గోవర్ధన్ కారులో ప్యాసింజర్లు వదిలేసి పోయినవి. శోభ జీవితంలో విమానం ఎక్కలేదు. ఎక్కేవాళ్లకు ఇడ్లీ పెట్టింది.

మా అమ్మ రాములమ్మ జాకెట్ చెయ్యిని గుర్తుపట్టింది. సచ్చినోళ్ల బట్టలు ఇంట్ల వెట్టుకుంటరానే, అన్ని చాకలామెకు పోయినయనుకున్న, నువ్వు దాసుకున్నవా అని నెత్తి కొట్టుకుంది. దాచుకున్నానమ్మా అన్నాను. ఇగ నీ ఇష్టం అని లోపలికి పోయింది. కాసేపయ్యాక చూస్తే ఆ చెయ్యి మీద వేలు పెట్టి రాస్తూ కూర్చుంది.

జూన్ 24

మల్లేశ్వర్‌కు సంబంధం కుదిరింది.

జూన్ 25, బుధవారం

నిన్న అంతకు మించి రాయడానికి చేతులు రాలేదు. పిల్లది మంఖాల్. పేరు సంతోషి. శ్రావణంలో పెళ్లి. చెప్పడానికి మల్లేశ్వర్ స్వయంగా వచ్చాడు. తల ఎత్తకుండా మాట్లాడాడు. పెండ్లయినంక మోక్షును తీస్కపోత వదినా, నీకెన్ని రోజులని తక్లీఫ్ అన్నాడు. తక్లీఫట. ఎనిమిది నెలలుగా దీనికి నేను జడలు వేస్తున్నది తక్లీఫని ఎవరు చెప్పారు ఇతనికి.

శోభ పోయి ఏడాది కూడా నిండలేదు. ఆయన వయసులో ఉన్నాడు, ఇంట్లో వండిపెట్టేవాళ్లు కావాలి, అన్నీ నాకు తెలుసు. తెలిసినా ఒళ్లు మండింది. చాయ్ కూడా ఇవ్వలేదు. అమ్మ ఇచ్చింది.

గోవర్ధన్‌తో అంటే, తండ్రి గదనే, మనం ఆపితే ఆగుతదా అన్నాడు. ఈ మనిషి ఎప్పుడూ ఇంతే. అటు తిరిగి పడుకున్నాడు గాని భుజాలు కదులుతున్నాయి. నేను చూడనట్టే ఊరుకున్నాను.

ఇంక పుస్తకం త్వరగా పూర్తి చెయ్యాలి. ఆమె ఎవరో వచ్చి అమ్మనంటుంది. ఈ పిల్లకు అసలు అమ్మ ఎవరో తెలియాలి.

జూన్ 29, ఆదివారం

ఇవాళ్టి పేజీ అన్నిటికన్నా బాగా వచ్చింది.

పుట్టీలో ఫెవికాల్ కలిపి మందంగా పరిచాను. పై సగంలో శోభ పెళ్లి చీర అంచు. కొంగులోంచి చింపి దాచిన ముక్క. అంచు కింద, పాదాలు ఉండాల్సిన చోట, దాని మెట్టెలు అద్దాను. పచ్చి పుట్టీలో సగం దాకా దిగాయి. చుట్టూ కాస్త పసుపు రాశాను.

మెట్టెలు అమ్మ స్టీలు డబ్బాలోంచి తీశాను. అడగలేదు. అడిగితే ఇవ్వదు.

మోక్షు వచ్చి పేజీని చూసింది. ఏమే ఇవి అంటే, అమ్మ కాళ్లు అంది. నేను చెప్పలేదు. అదే అంది. ఒళ్లోకి లాక్కుని ఏడ్చాను. దానికి ఊపిరాడక గింజుకుంది.

జూలై 6, ఆదివారం

అనుకోని చోట చిక్కుకున్నాను.

మాలో రెండో భార్యగా వచ్చే పిల్ల, పోయిన మొదటామె బొమ్మ చెక్కిన వెండి బిళ్ల మెడలో వేసుకుంటుంది. పండగలకు దానికే ముందు బొట్టు పెట్టి, తర్వాత తను పెట్టుకుంటుంది. ఇది నాకూ తెలుసు. కాని ఆ బిళ్లలో పోయినామె ఒంటి మీది వెండి కలవాలని నాకు తెలియదు. అమ్మ ఇవాళ చెప్పింది. శోభ మెట్టెలు వెండి పనిచేసే అవుసులాయనకు ఇచ్చి కరిగించాలట, అందుకే డబ్బాలో పెట్టిందట.

డబ్బా తెరిచింది. మెట్టెలు లేవు.

నేను మిషన్ తొక్కుతూనే ఉన్నాను. ఏమన్నా చూసినవానే అని అడిగింది. లేదమ్మా అన్నాను. పుస్తకం బట్టల బీరువా మీద, పాత సూట్‌కేస్ కింద ఉంది.

ఎందుకివ్వాలి. ఆమె మెడలో వేలాడడానికా. శోభ ఇల్లు ఇచ్చాం, మొగుణ్ణి ఇచ్చాం, పిల్లను ఇస్తున్నాం. దాని కాళ్లన్నా నా దగ్గర ఉండనివ్వండి.

జూలై 13, ఆదివారం

అమ్మ అనుమానం భారతమ్మ మీదికి పోయింది. గల్లీ చివర ఉండే ముసలామె. శోభను ఆఖరి రోజు పసుపు రాసి స్నానం చేయించింది ఆమే. కాళ్ల నుంచి మెట్టెలు తీసిందీ ఆమే. నా చేతికి ఇచ్చిందో లేదో యాదికొస్తలేదు, డబ్బల వెట్టిననే అనుకున్న అని అమ్మ ఇంటికి వచ్చినవాళ్లందరి దగ్గరా అంటోంది. పేరు చెప్పదు. చెప్పకపోయినా అందరికీ అర్థమవుతుంది.

జూలై 17, గురువారం

భారతమ్మ వచ్చింది. గడప లోపలికి రాలేదు. రాములక్కా, నీ బిడ్డను నా బిడ్డ తీరు కడిగిన, గా మెట్టెలు నీ కొంగుల నేనే ముడేసిన, కావాల్నంటే ఈ పోరి నెత్తి మీద చెయ్యి వెడత అంది. మోక్షు నవ్వుతూ తల ముందుకు పెట్టింది. ఆటనుకుంది.

నేను సూదిలోకి దారం ఎక్కిస్తూ కూర్చున్నాను, ఎంతకూ ఎక్కలేదు. ముసలామె వెనక్కు తిరిగి గోడ పట్టుకుని పోయింది.



జూలై 27, ఆదివారం

సంతోషి వచ్చింది. ఒక్కతే, బస్సెక్కి వచ్చింది. పెళ్లి జాకెట్ నేనే కుట్టాలట. ఊళ్లో ఇంకెవరూ దొరకలేదా అని నోటి దాకా వచ్చింది. అమ్మ ఎదురుపోయి కూర్చోబెట్టింది.

సన్నగా ఉంది. శోభకన్నా పొడుగు. నేను టేప్ పెట్టి భుజం కొలిచాను, చెయ్యి కొలిచాను. అమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

అప్పుడు మోక్షు పుస్తకం ఈడ్చుకుంటూ వచ్చింది. పొద్దున గోవర్ధన్ సూట్‌కేస్ దింపి పుస్తకాన్ని మంచం మీదే వదిలేశాడు. ఎన్నిసార్లు చెప్పినా ఈ మనిషికి తీసింది తీసిన చోట పెట్టడం రాదు. మోక్షు దాన్ని నేల మీద పరిచి, కొత్తగా వచ్చినామెకు చూపించాలని పేజీలు తిప్పింది. ఇది అమ్మ చెయ్యి. ఇది అమ్మ తాడు. ఇవి అమ్మ కాళ్లు.

సంతోషి కిందికి వంగి చూసింది. మెట్టెలు. అవి కనిపించట్లేదన్న సంగతి మంఖాల్ దాకా పోయిందని నాకు తెలుసు. టేప్ చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఇప్పుడు అమ్మను పిలుస్తుంది, అయిపోయింది అనుకున్నాను.

పిలవలేదు. పేజీ మీద చెయ్యి కూడా వెయ్యలేదు. పుస్తకం మూసి, మంచిగుంది, పైలంగ దాసుకో అని మోక్షు ఒళ్లో పెట్టింది. లేచి మళ్లీ నా ముందు నిలబడింది.

ముందు మెడ జర కిందికి దింపు అక్కా అంది. ఎందుకని అడిగాను. మావోళ్లు బిళ్లను జాకెట్ లోపలికి ఏసుకోమంటున్నరు, నలుగురు అడుగుతరని. గని లోపల దాస్తె ఈ పిల్లకు కనవడదు, కనవడకపోతె అడగదు, అడగకపోతె మర్శిపోతది అంది. నెమ్మదిగా, గొంతు తగ్గించి అంది. బజారు వెండితోనన్న చేయిస్తరు లే అక్కా, నువ్వు పరేషాన్ గాకు అని కూడా అంది.

చాయ్ తాగి పోయింది. అమ్మకు ఒక్క మాట చెప్పలేదు.

నేను ఆమెను తిట్టుకుందామని చాలాసేపు ప్రయత్నించాను. కుదరలేదు. నేను పుస్తకం ఎందుకు చేస్తున్నానో ఆమె నాలుగు ముక్కల్లో చెప్పి పోయింది. కాదు, నేను అందుకే చేస్తున్నానా. పిల్ల ఆమెకు దగ్గర కావద్దని చేస్తున్నాను. ఇది ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పను.

జూలై 28, సోమవారం

కుట్లు విప్పే సూదితో తీశాను. పుట్టీ రాయైంది. అంచు పక్కన పెచ్చులు లేచాయి. ఒకటి వెంటనే వచ్చింది. రెండోది రానంది. దాన్ని తీస్తుంటే శోభ కాలు పట్టుకుని లాగుతున్నట్టే అనిపించి మధ్యలో రెండుసార్లు లేచిపోయాను.

మెట్టెలు వచ్చేశాయి. వాటి చోట రెండు గుండ్రని గుంటలు మిగిలాయి. లోపల పసుపు అట్లాగే ఉంది.

అమ్మ కాళ్లేవి అని మోక్షు అడిగింది. అబద్ధం చెప్పలేదు. సంతోషి మెడలోకి పోతాయి, అక్కడుంటాయి అన్నాను. ఎట్లా నడుస్తుంది మరి అంది. నాకేం తెలుసే తల్లీ.

మెట్టెలు అమ్మ చేతిలో పెట్టాను. కొంగున ముడేసుకుంది. కొట్టినా బాగుండేది. ముందుగాల భారతమ్మ కాడికి నడువు అంది.

ఇద్దరం పోయాం. భారతమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేనే తీశానమ్మా, ఊరుకున్నాను అని చెప్పాను. ఆమె తల ఎత్తలేదు. దొరికినయ్ గద, సాలు అంది. కూర్చో అనలేదు. కూర్చోమంటుందేమోనని కాసేపు నిలబడి వచ్చేశాను.

ఆగస్టు 14, గురువారం

పెళ్లి అయింది. నేను పోలేదు. జాకెట్ పోయింది. నల్లపూసల దండ కూడా నేనే పొట్టిగా గుచ్చి పంపాను, శోభ మెట్టెలు కరిగించి చేసిన బిళ్ల జాకెట్ మెడ పైన ఆనేటట్టు.

ఆగస్టు 17, ఆదివారం

మోక్షును తీసుకుపోయారు.

బట్టలన్నీ నేనే సర్దాను. పుస్తకం బ్యాగులో అడుగున పెట్టాను, మళ్లీ తీసి పైన పెట్టాను. ఏడుస్తుందనుకున్నాను. కారెక్కి కిటికీ దగ్గర కూర్చుని, పెద్దమ్మా, విమానం చక్రాలు బయటికొచ్చినయ్ చూడు అని పైకి చూపించింది. నేనూ పైకి చూశాను. కిందికి చూసేసరికి కారు కదిలింది.

సంతోషి మెడలో బిళ్ల బయటికే ఉంది.

ఆగస్టు 18

ఇవాళ విమానాలు ఎక్కువ. లేకపోతే ఇంట్లో చప్పుడు లేక అట్లా వినిపిస్తున్నాయి.

సెప్టెంబర్ 21, ఆదివారం

పెత్రమాస, పెద్దల అమావాస్య. మేము ఇక్కడ నాన్న పేరు మీద బియ్యం ఇచ్చాం. శోభ పేరు మీద బడంగ్‌పేట్‌లో ఇచ్చారు. సంతోషి వీడియో కాల్ చేసి చూపించింది. పళ్లెంలో బియ్యం, కూరగాయలు, వెనక శోభ ఫొటో. కొత్త దండ, మందంగా, సగం ముఖం కప్పేసి ఉంది.

మోక్షు మధ్యలో దూరి ఫొటో మీది దండ లాగుతోంది. సంతోషి వద్దంటే, తియ్యి, అమ్మ మొకం కనవడుతలేదు అంది.

ఫోన్ అమ్మకిచ్చి బయటికి వచ్చేశాను. నేను కావాలనుకున్నది ఇదే. ఇంత ఏడుపు ఎందుకొచ్చిందో తెలియదు.

సెప్టెంబర్ 22, సోమవారం

సంతోషి ఫోన్ చేసింది. రోజూ పడుకునే ముందు మోక్షు ఆ పేజీ తెరుస్తుందట. అమ్మ కాళ్లు అమ్మకియ్యి అంటుందట. బిళ్ల మెడలోంచి తీయకూడదు కదా. అందుకని ఈమె పుస్తకం మీదికి వంగి, బిళ్లను ఆ గుంటల మీద ఆనిస్తుందట. పిల్ల నిద్రపోయేదాకా అట్లాగే. నడుము గుంజుతాందక్కా అని నవ్వింది.

ఆ నల్లపూసల దండ పొట్టిగా గుచ్చింది నేనే. రేపు బడంగ్‌పేట్ పోయి ఇంకొన్ని పూసలు కలిపి వస్తాను.