మేం నిలబెట్టిన రాయి

ఆదివారం రాత్రి, కొంటా

మా కాలేజీ హారర్ సినిమా బస్తర్ రాజుల కాలంలో మొదలవుతుంది. మొదటి షాట్‌లో అడవి దారి పక్కన, పోయినవాళ్ల పేరిట ఇక్కడివాళ్లు నిలబెట్టే రాయి కనబడాలి. నిజమైన రాళ్ల జోలికి పోవద్దని థర్మాకోల్‌తో నేనే ఒకటి చేసి, పొద్దున పాతి వచ్చాను.

సాయంత్రం వెళ్తే దాని ముందు ఆకు దొప్పలో అన్నం. పక్కనే ఇప్పపూల గంపతో ఒక ముసలమ్మ.

"ఎవలది బిడ్డా ఈ రాయి?"

"ఎవరిదీ కాదవ్వా. సినిమాకు పెట్టినం."

"గట్లెట్ల? రాయి నిలబెట్టినంక ఎవలో ఒకలు దాంట్లకు రావాలె గద. మీ ఇంట్ల అందరు మంచిగున్నరా?"

పీకేద్దామంటే చెయ్యి రాలేదు.

ఇందాక అమ్మకు ఫోన్ చేసి ఒక్కొక్కరినీ పేరుపేరునా అడిగాను. అందరూ బాగానే ఉన్నారట.

ఇక మిగిలింది నేనే.