కదిలే గోడ మీద గడియారం

అక్కకి, బావగారికి నమస్కారాలు.

ఇక్కడ నేనూ, పడవా క్షేమం. పడవేమిటని కంగారు పడకు, కొంపలేం మునగలేదు. నాన్న గడియారాల దుకాణం వదిలేసి పడవలోకి మకాం మార్చాను. కంటికి భూతద్దం తగిలించుకుని ఎన్నాళ్లని ఊళ్లోవాళ్ల టైము బాగుచేస్తూ కూర్చోను? లోకమంతా ఒడ్డున పడాలని తాపత్రయపడుతుంటే, నేను కావాలనే ఒడ్డు వదిలేశాను.

ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పొద్దున్నే నీటి మీది వెలుతురు పైకప్పు మీద పడి ఆడుతుంది. లేవబుద్ధి కాదు. పొగమంచు పట్టిన పూట గట్టే కనిపించదు. ప్రపంచం ఎటో వెళ్లిపోయి, నేనూ నా టీ గ్లాసూ మిగిలామనిపిస్తుంది. పడవ ఊగుతుంటే చిన్నప్పుడు నువ్వు నన్ను కాళ్ల మీద వేసుకుని ఊపింది గుర్తొస్తుంది.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: ఉత్తరాలు రేవు దగ్గరి టీకొట్టు అడ్రసుకి రాయి. పోస్ట్‌మాన్‌కి ఈత రాదట.

మళ్లీ తా.క.: దుకాణం ఖాళీ చేసేటప్పుడు ఓనరే మనుషుల్ని పెట్టి నా సామాను వీధిలో పెట్టించాడు. కూలి ఖర్చు మిగిలింది. ఎంత మంచివాడో!

*

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

నీ ఉత్తరం మీ బావకి రెండుసార్లు చదివి వినిపించాను. మూడోసారి ఆయనే లాక్కుని చదువుకున్నారు. ముప్పై ఏళ్లు కదిలే బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషి కదా, రిటైరయ్యాక కదలని మంచం మీద ఆయనకి నిద్ర పట్టడం లేదు. "పడవ బాగా ఊగుతుందటా?" అన్నారు. ఊగుతుందని రాశాడుగా అన్నాను. కళ్లు మూసుకుని, కూర్చున్నచోటే అటూ ఇటూ ఊగారు.

కొత్త ఇంట్లో చేరినవాడికి ఉత్త దీవెనలు ఏం పంపను? నాన్న గోడగడియారం పార్శిల్ చేస్తున్నాను, అదే, పెద్ద లోలకం ఉన్నది. ఇన్నేళ్లూ నా దగ్గరుంది, ఇక నీ గోడకి ఉండనీ. సరిగ్గా ఆడుతోందో లేదో, గంట కొడుతోందో లేదో తప్పకుండా రాయి.

ఉంటాను,
అక్క

తా.క.: పడవలో తల ఎటు పెట్టి పడుకోవాలి, పోయే వైపా, వచ్చిన వైపా? మీ బావ అడగమన్నారు.

*

అక్కకి నమస్కారం.

గడియారం భద్రంగా అందింది. నేనూ, టీకొట్టాయనా కలిసి పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పడవలోకి చేర్చాం. బ్రహ్మాండంగా ఆడుతోంది. ఇది రాస్తుండగానే నాలుగు కొట్టింది. ఆ గంట నీళ్ల మీదుగా అవతలి గట్టు దాకా పోయి, తీరుబడిగా తిరిగొచ్చింది. దుకాణంలోంచి నాన్న పిలిచినట్టే ఉంది.

బావగారికి చెప్పు. తల ఎటు పెట్టుకున్నా, లేచేసరికి ఇంకో వైపు ఉంటుంది.

నీ తమ్ముడు

తా.క.: పడవ అడుగున కాస్త చెమ్మ. పొద్దున్నే నలభై చెంబులు తోడి పోస్తే సరిపోతుంది. ఒంటికి మంచిదే.

*

చిరంజీవి తమ్ముడికి,

శుభవార్త! మేమూ వచ్చేస్తున్నాం. ఇది మీ బావ నిర్ణయం, నా సంతోషం. ఎవరో తరిమితే కాదు, కోరి వస్తున్నాం సుమా. మంచం అమ్మేశాం, బీరువా పక్కింటావిడకి ఇచ్చేశాం. మీ బావ పాత ఈల తోమి పెట్టుకున్నారు. పొద్దున్నే బాల్కనీలో నిలబడి ఈల ఊది, "రైట్ రైట్" అంటున్నారు. కింద ఆటోలవాళ్లు నిజంగానే కదులుతున్నారు.

మా ఇద్దరికీ ఓ మూల చాలు. అంతకన్నా ఎక్కువ ఉంటే మాకు అలవాటు తప్పుతుంది.

అక్క

తా.క.: మా బిల్డింగు ఓనరు కూడా ఎంత మంచివాడో! సామాను దింపుకోవడానికి వీలుగా ఉంటుందని తలుపులు ముందే ఊడదీయించాడు.

*

అక్కకి, బావగారికి అత్యవసర నమస్కారం.

దయచేసి తొందరపడొద్దు. పడవ గురించి నేను కొన్ని సంగతులు రాయడం మర్చిపోయాను. పైకప్పు నా నడుము ఎత్తు కన్నా కాస్తే ఎక్కువ. నుదుటి మీద ఇప్పటికి మూడు బొప్పులున్నాయి. పెద్ద లాంచీ ఏదైనా పోతే స్టవ్ నా దగ్గరికి వస్తుంది, టీ గిన్నె నన్ను దాటి పోతుంది. ఎలుకలున్నాయి. వాటికి ఈత వచ్చు.

నాకంటే ఇవన్నీ ఇష్టం కాబట్టి సరిపోయింది. పెద్దవాళ్లు, మీకెందుకు? మంచం వెనక్కి అడిగి తీసుకోండి.

తమ్ముడు

తా.క.: కొంప మునగడం అనే మాట ఎవరు పుట్టించారో గానీ, వాళ్లు ఈ పడవలోనే ఉండి ఉంటారు.

*

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి మీ బావ ఈల జేబులో పెట్టేసుకున్నారు. మళ్లీ తీయలేదు. హాయి అంతా నీకు, బొప్పులు మాకూనా? పెళ్లి చేసుకోమని పదేళ్లు చెప్పినా వినలేదు, పడవని మాత్రం పెళ్లాన్ని దాచుకున్నట్టు దాచుకుంటున్నావు. మేం రావడం నీకు ఇష్టం లేదా? ఒక్క ముక్క, నిజం రాయి.

అక్క

తా.క.: గడియారం ఇప్పుడెంతయిందంటోంది?

*

అక్కా,

ఎప్పుడు చూసినా నాలుగే అంటోంది. ఒక్క రోజు కూడా ఆడలేదు. చిన్న అల వచ్చినా లోలకం ఆగిపోతుంది. నేనే వేలితో తోస్తాను, నేనే నోటితో టంగుమంటాను.

నేను కోరి రాలేదక్కా. ఇప్పుడు టైము అందరి జేబు ఫోన్లలోనే ఉంది, గడియారం బాగుచేయించుకునేవాడెవడు? అద్దె కట్టలేకపోయాను. నాన్న దుకాణం నా చేతుల్లో పోయింది. ఆ మాట నీకు ఎలా రాయను? ఇది ఇసుక మోసే పాత పడవ. నా ఖాతాదారుడే ఒకాయన, మునిగేదాకా ఉండమన్నాడు. మీరు రావడం ఇష్టం లేక కాదు. వచ్చి నన్ను ఇలా చూడటం ఇష్టం లేదు.

తమ్ముడు

తా.క.: పైకప్పు మీద వెలుతురు ఆడటం మాత్రం నిజం. పొగమంచు కూడా.

*

పిచ్చి సన్నాసీ,

కవరు మీద స్టాంపు లేదేమిటని చూస్తున్నావా? చివర్లో చెబుతాను.

నీ ఉత్తరం అందేసరికి మేం గుమ్మంలో ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉన్నాం. గడియారం నాలుగు కొట్టిందని రాసినప్పుడే నీ అబద్ధం తెలిసిపోయింది. గోడ కదిలితే లోలకం ఆగుతుందని నాన్న రోజూ అనేవాడు. ఆయన పక్కన కూర్చుని కిందపడ్డ స్క్రూలు ఏరింది నేనేరా. మెకానిక్కువై ఉండి నీ పని మీదే అబద్ధమాడావంటే ఎంత కష్టంలో ఉన్నావోనని ఆ రోజు ఏడ్చాను.

పడవలో ఆడదని తెలిసీ ఎందుకు పంపానంటావా? తగిలించడానికి నాకు గోడ లేదు. మా బిల్డింగు కూల్చేస్తున్నారు. కండక్టరు పెన్షన్‌కి ఈ సిటీలో ఇల్లు కాదు కదా, ఇంటి మెట్టు కూడా రాదు. నువ్వు బాధపడతావని నేనూ "కోరి" అని రాశాను. ఒక్క తండ్రి పిల్లలం కదా, అబద్ధాలు కూడా ఒక్కలాగే ఆడాం.

దుకాణం పోతే పోయింది. నాన్న ఉంటే నిన్ను తిట్టడు, ముందు ఆ చెమ్మ ఎక్కడినుంచో చూస్తాడు. గట్టు దాకా మమ్మల్ని తీసుకొచ్చింది పేదరికమే, ఒప్పుకుంటాను. ఇక్కడినుంచి నీ పడవలోకి ఆ నాలుగడుగులు మాత్రం మా ఇష్టంతో వేస్తాం. ఆ వెలుతురు ఎలా ఆడుతుందో నేనూ చూడాలి.

ఇక స్టాంపు సంగతి. ఇది రేవు దగ్గరి టీకొట్టు బెంచీ మీద కూర్చుని రాశాను. టీకొట్టాయన చేత పంపుతున్నాను. ఎదురుగా చెంబుతో నీళ్లు తోడిపోస్తున్నది నువ్వేనా? ఎంత చిక్కిపోయావురా!

అక్క

తా.క.: మీ బావ నీ పడవ ఊగడం చూస్తూ చూస్తూ బెంచీ మీదే నిద్రపోయారు. రిటైరయ్యాక ఇదే మొదటి నిద్ర. లేపొద్దు.

మళ్లీ తా.క.: జవాబు రాయకు. గట్టుకి బల్ల వెయ్యి.