ఆయన చెయ్యి లేచేదాకా

జూన్ 4

ఆయన్ని ఇంటికి తీసుకొచ్చాం. గుండెలో కవాటం పాడైందని రొమ్ము ఎముక కోసి కొత్తది పెట్టారు. గొంతు కింద నుంచి పొట్ట పైదాకా ఒకటే కోత. పంపించేటప్పుడు డాక్టరు జాగ్రత్తలు చెప్పాడు. ఎముక అతుక్కుని గాయం పూర్తిగా మానేదాకా చేతులు భుజం దాటి ఎత్తకూడదు, బరువు మొయ్యకూడదు, చేత్తో ఊతం పెట్టుకుని లేవకూడదు అన్నాడు. కుడి చెయ్యి కూడానా అని అడిగాను. డాక్టరు నవ్వాడు. రెండూనమ్మా, కుడి చేతికేమైనా స్పెషలా అన్నాడు.

ఆయన నా వంక చూశాడు. నేనెందుకు అడిగానో ఆయనకి తెలుసు.

జూన్ 5

పెళ్ళయ్యాక మొదటిసారి, పొద్దున్న లేచి ఒళ్ళు తడుముకోలేదు.

జూన్ 8

పాలు పొంగిపోయాయి. ఆయన మంచం మీంచి పిలిచాడు. నేను కొట్టకూడదంట కదా, నువ్వే కొట్టుకో అన్నాడు. జోకేమో అనుకుని నవ్వాను. నవ్వకు, కొట్టుకో అన్నాడు. కొట్టుకున్నాను. దోమని తోలుతున్నావా, నాకు చేతకాకపోతే నీకూ చేతకాదా అన్నాడు. అత్తయ్య పక్కనే కూచుని బఠాణీలు ఒలుస్తోంది. గట్టిగా ఒకటేసుకుని పనిలోకి పో, వాడికి ఆయాసం తెప్పించకు అంది.

గట్టిగా ఒకటేసుకుని పనిలోకి పోయాను.

జూన్ 11

గాయం మానడం లేదు. కింది కొసన విచ్చుకుని నీరు కారుతోంది. షుగర్ ఉంది కాబట్టి ఆలస్యమంట. డాక్టరు లేజర్ రాశాడు. రోజు విడిచి రోజు సిట్టింగ్. ఆసుపత్రి వెనక చిన్న గది, అక్కడ చేసేది ఒక అక్క. తను పెద్ద నల్లద్దాలు పెట్టుకుని, ఆయనకీ ఒకటి పెట్టి, టార్చిలైటు లాంటిది గాయం మీద పట్టుకుంటుంది. ఎర్రటి వెలుగు. వేడి ఉండదు, నొప్పి ఉండదు, లోపలి కండ తొందరగా పూడుతుంది అని చెప్పింది. మూడో అద్దాలు లేవు. నన్ను గోడవైపు తిరిగి కూచోమంది, అత్తయ్యని బయట కూచోమంది.

అక్క గట్టిగా చెప్పింది ఒక్కటే. వచ్చేముందు గాయం శుభ్రంగా తుడవాలి, పొడిగా ఉండాలి, పైన ఏమీ రాయకూడదు. రాస్తే వెలుగు లోపలికి పోదు చెల్లీ, పైనే ఆగిపోతుంది అంది.

ఎన్నాళ్ళకి మానుతుంది అని ఆయన అడిగాడు. ఎన్నాళ్ళకి మానుతుంది అని నేనూ అడిగాను. మొగుడంటే ఎంత ప్రేమో చూడు అంది అక్క.

జూన్ 15

పొద్దున్న గాయం తుడిచి, చీర మార్చుకోవడానికి పక్క గదిలోకి వెళ్ళాను. తలుపు సందులోంచి చూస్తే అత్తయ్య వేలితో గాయం మీద ఏదో సన్నగా పూస్తోంది. కాలిన పుళ్ళకి రాసే ఆయింట్‌మెంట్. ఆ ట్యూబు తన పెట్టెలో పెట్టుకుంటుంది, పెనం తగిలి నా చెయ్యి బొబ్బలెక్కినా తియ్యదు. ఆ లైటు ఒళ్ళు మాడ్చేస్తుందిరా, మన టైర్ల షాపు పక్కన వెల్డింగ్ వాడు చూడు, వాడూ అచ్చం అవే నల్లద్దాలు పెట్టుకుంటాడు, కాలేది కాకపోతే అద్దాలెందుకు అంటోంది. ఇది రాసుకుంటే ఏం కాదు, ఆవిడకి చెప్పకు, తిడుతుంది అంటోంది. ఆయన కళ్ళు మూసుకుని బుద్ధిగా పూయించుకుంటున్నాడు.

లోపలికి వెళ్ళి చెప్పాలి. చెప్పలేదు.

జూన్ 17

చెప్పలేదు.

జూన్ 19

చెప్పలేదు.

జూన్ 21

అక్క గాయం చూసి మొహం చిట్లించింది. ఈపాటికి ఎంతో కొంత పూడాలే, సరిగ్గా తుడుస్తున్నావా అంది. నేను నోరు విప్పేలోగా గుమ్మంలోంచి అత్తయ్య అందుకుంది. దీనికి గిన్నె తోమడమే రాదు, గాయమేం తుడుస్తుందమ్మా అంది. నేను తల దించుకున్నాను. సిగ్గుపడకు చెల్లీ, తెలియకపోతే అడుగు అంది అక్క.

సిగ్గుతో కాదు. నవ్వు కనపడకూడదని.

జూన్ 24, మధ్యాహ్నం

ఇద్దరూ నిద్రపోతున్నారు. రాసుకోవడానికి ఇదే వీలు.

గాయం ఇలాగే ఉంటే చెయ్యీ అలాగే ఉంటుంది. ఏడాదైనా సరే. అన్నం తినిపిస్తాను, మొహం కడుగుతాను, లేపి కూచోబెడతాను. కొట్టుకోమంటే కొట్టుకుంటాను. నా చెయ్యి నా మాట వింటుంది, చప్పుడు ఎక్కువగా, దెబ్బ తక్కువగా కొట్టుకోవడం వచ్చేసింది. ఇంతకన్నా మంచి కాపురం నాకెక్కడ దొరుకుతుంది?

జూన్ 27

జ్వరం. గాయం చుట్టూ ఎర్రగా కందిపోయింది. దగ్గరికి వెళ్తే వాసన. డాక్టరు పక్కన నొక్కితే చీము వచ్చింది. ఇది ఎముకలోకి పాకితే మళ్ళీ తెరవాలి, అప్పుడు మనిషి దక్కుతాడని నేను చెప్పలేను అన్నాడు. మళ్ళీ వార్డులో చేర్చుకున్నారు. అత్తయ్య వరండాలో నిలబడి, వచ్చేపోయే వాళ్ళందరికీ వినపడేలా, ఇది నా కొడుకుని చంపేస్తోంది బాబోయ్ అని ఏడ్చింది.

అందులో అబద్ధం సగమే.

జూన్ 28

అక్క మిషను వార్డుకే తెచ్చింది. తను వైర్లు సర్దుకుంటుంటే అత్తయ్య నన్ను టీ తెమ్మని తరమబోయింది. ట్యూబు కొంగులో ఉందని నాకు తెలుసు. కదల్లేదు. ఆయన దుప్పటి కింద నుంచి నా వేలు పట్టుకున్నాడు. ఆ చెయ్యి నిప్పులా ఉంది. చచ్చిపోతానా అని అడిగాడు. కాపురానికి వచ్చాక ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. ఇప్పటిదాకా అన్నీ చెప్పడమే.

ఎందుకు చేశానో రాద్దామంటే మాటలు రావడం లేదు. జాలి కాదు. చచ్చిపోతే నేనే చంపినట్టు ఉంటుందని కాబోలు. దూదితో గాయం తుడిచాను. నిన్నటి జిడ్డు వచ్చింది. ఆ దూది అక్క చేతిలో పెట్టాను. ఆయింట్‌మెంట్ అండీ, లైటుకి కాలకుండా మొదట్నుంచీ రాస్తున్నాం అన్నాను.

రాస్తున్నాం అన్నాను. రాస్తున్నారు అనడానికి నోరు రాలేదు.

ఎవరు రాసింది అంది అక్క. అత్తయ్య చెయ్యి చాచి నన్ను చూపించింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నిద్ర కాదు.

అక్క నన్ను వార్డు మధ్యలో నిలబెట్టి కడిగేసింది. చదువు రాకపోతే చెప్పింది వినడమైనా రావాలి కదమ్మా అంది. చెల్లీ అనలేదు.

జూలై 6

జ్వరం పోయింది. గాయం అడుగున గులాబీ రంగు కండ కనపడుతోందంట. ఇప్పుడు తుడిచేదీ అక్కే. నన్నూ అత్తయ్యనీ కూడా దగ్గరికి రానివ్వదు. అత్తయ్య మాత్రం పక్క మంచాల వాళ్ళకి చెబుతోంది, మా కోడలి చెయ్యి తీసేశాక ఎంత బాగా మానుతోందో చూడండి అని. వాళ్ళు నన్ను చూసి కాళ్ళు ముడుచుకుంటున్నారు.

జూలై 13

గోడవైపు తిరిగి కూచున్నాను. గోడ కూడా కొంచెం ఎర్రబడుతుంది.

జూలై 20

పూడిపోయింది. లేజర్ ఆపేశారు.

జూలై 27

డాక్టరు ఎక్స్‌రే చూసి ఎముక అతికింది, ఏదీ చేతులెత్తి చూపించు అన్నాడు. ఆయన కుడి చెయ్యి ఎత్తాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా చేతులు రెండూ నా తల మీదికి వచ్చేశాయి. నేను రమ్మనలేదు. నేల మీద ముడుచుకుపోయాను.

డాక్టరు ఎక్స్‌రే మళ్ళీ చూడటం మొదలుపెట్టాడు. అక్క నా వంక చూసింది, ఆయన చేతి వంక చూసింది. దీనికి అప్పుడప్పుడూ కళ్ళు తిరుగుతాయిలెండి అంది అత్తయ్య. చెయ్యి బిగుసుకుపోకుండా రోజూ ఇలా ఎత్తి దించుతూ ఉండండి అని డాక్టరు ఆయనకి చెప్పాడు.

బయటికి వస్తుంటే అక్క నా మోచెయ్యి పట్టుకుంది. చెల్లీ అంది. లోపల ఇంకో పేషెంటు పిలిచాడు, వెళ్ళిపోయింది.

జూలై 30

ఎక్సర్‌సైజు నా ఎదురుగానే చేస్తాడు. నేను కూరగాయలు తరుగుతుంటే వచ్చి చెయ్యి ఎత్తుతాడు. వంగిపోతాను. దించుతాడు. లేస్తాను. నేనేమన్నా కొట్టానా, డాక్టరు చెప్పింది చేస్తున్నానంతే అంటాడు. అత్తయ్య నవ్వలేక దగ్గుతుంది. కీ ఇచ్చిన బొమ్మలా ఉందిరా, ఇంకోసారి ఎత్తు అంటుంది.

కొడితే నయం. కొడితే అయిపోతుంది.

ఆగస్టు 1

ఇవాళ వంగుతూ చూశాను. ఎత్తేటప్పుడు రెండో చేత్తో రొమ్ము అదిమి పట్టుకుంటున్నాడు. విసరడానికి భయం. ఎముక విడిపోతుందని.

ఆగస్టు 3

చెయ్యి ఎత్తాడు. నేను వంగలేదు.

నేను వంగాకే దించడం ఆయనకి అలవాటు. అలాగే నిలబడ్డాడు. మొహంలోకి చూస్తూ నేనూ నిలబడ్డాను. కాసేపటికి మోచెయ్యి వణికింది. ఇంక దించనా అన్నాడు.

ఇంకాసేపు అన్నాను.